ఉగాదికి పదిమంది స్నేహితులకు మంచి మాట చెప్పడం ఎలా (ఏడాది పేరు పరాభవ అయినా సరే)

ఈసారి ఉగాది 2026 మార్చి 19, గురువారం. విశ్వావసు వెళ్లిపోయి పరాభవ నామ సంవత్సరం వస్తోంది. పరాభవం అంటే ఓటమి, అవమానం. దాని పక్కనే శుభాకాంక్షలు అని ఎట్లా రాసేదని కడపలో మా వీధి చివర టీ అంగడి దగ్గర పెద్ద చర్చే నడుస్తోంది. "ఏంది బ్బా, మంచి చెప్పాల్నా, ఓదార్చాల్నా?" అని ఒకాయన నన్నే నిలదీశాడు.

రెండూ చేయొచ్చు. ఒకే మాటలో రెండూ పట్టేలా చెప్పొచ్చు కూడా. దానికి కొన్నేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి ఒకటుంది, అది ఇక్కడ వరుసగా రాస్తున్నా. ముందే ఒక మాట: ఇది పదిమందికి సరిపోయే పద్ధతి. పదిహేను దాటితే చేతకాదు. మూడొందల మందికి ఒకేసారి చెప్పాలనుకునేవాళ్లకు కోకిల, మామిడాకుల తోరణం ఉన్న బొమ్మలు ఫోన్లో బోలెడు దొరుకుతాయి. వాటితో నాకు తగాదా లేదు. నాకూ రోజుకు నలభై వస్తాయి, అన్నిటికీ దండం పెడతా.

మొదట ఏడాది పేరుతో రాజీ పడండి

మన సంవత్సరాల పేర్లు 60. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మళ్లీ మొదటికొస్తాయి. పరాభవ వాటిలో 40వది. కిందటిసారి వచ్చింది 1966లో. విశాఖ ఉక్కు కోసం తెలుగువాళ్లు వీధుల్లోకొచ్చిందీ, కాల్పుల్లో మనుషులు పోయిందీ ఆ పరాభవలోనే. ఫ్యాక్టరీ వచ్చింది కూడా ఆ గొడవ వల్లనే. దాన్ని ఓటమి కింద రాయాల్నా, గెలుపు కింద రాయాల్నా మీరే చెప్పండి.

ఇంకా దగ్గరి లెక్క చూద్దాం. 2020 ఉగాది మార్చి 25న పడింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు అదే. ఆ ఏడాది పేరు శార్వరి, అంటే రాత్రి. "చూశారా, పేరులోనే ఉంది" అన్నారు అందరూ. సరే, మరి 2021? ఆ ఏడాది పేరు ప్లవ. ప్లవం అంటే పడవ, ఒడ్డుకు చేర్చేది. ఏప్రిల్ 13న ఆ పడవెక్కామో లేదో, కరోనా రెండో అల మనమీద పడింది. రాత్రి అన్న ఏడాది కంటే పడవ అన్న ఏడాదే మా వీధిలో ఎక్కువ ఇళ్ల ముందు దీపం పెట్టించింది.

కాబట్టి పేరుకు భయపడొద్దు, పేరుతో చమత్కారాలూ వద్దు. "పరాభవాలకే పరాభవం కలగాలి" అన్న మాట మీకు ఇప్పుడే తట్టిందా? ఈ వారంలో అది ఊరందరికీ తడుతుంది. నేను చేసేది ఇది: పెళ్లిపత్రికలో రాసినట్టు పేరును తేదీ ఉండాల్సిన చోట పెడతా. కార్డు పైన కుడివైపు "పరాభవ, చైత్ర శుద్ధ పాడ్యమి, కడప" అని. లోపలి మాటలో మాత్రం "ఈ ఉగాదికి" అనో, "ఈ ఏడు" అనో అంటే చాలు. పేరు ఉన్నట్టే ఉంటుంది, ఎవరికీ గుచ్చుకోదు.

పదిరోజుల ముందు: నాలుగు గడుల పట్టీ

అసలు పనంతా ఇక్కడే ఉంది, తక్కినదంతా చిల్లర.

ఇంట్లో పాత పంచాంగం ఉంటే తీయండి. రాశుల పట్టికలో ఒక్కొక్క రాశికీ నాలుగు గడులు ఉంటాయి: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఆ అంకెల మీద నాకు పెద్ద గురి లేదు గానీ ఆ గడులంటే మహా ఇష్టం. పండగ పూట మనిషిని గుళ్లో కూర్చోబెట్టి "నాయనా, నీకు ఆదాయం 2, వ్యయం 14" అని మొహమ్మీదే చెబుతారు. విన్నవాడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచి నవ్వుతాడు, లేచి ఇంటికి పోయి ఓళిగలు (బొబ్బట్లు) తింటాడు. ఖర్చు ఎంతో తెలిసి కూడా తినే ఓళిగ అది.

ఆ గడులను అంకెలు లేకుండా వాడుకోండి. ఒక నోటుబుక్కు తీసుకోండి. పదిమంది పేర్లు, మనిషికి అర పేజీ. పేరు కింద నాలుగు వరుసలు. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాదికి వాళ్లకు వచ్చిందేమిటి, పోయిందేమిటి, ఎవరు గౌరవించారు, ఎక్కడ మనసు నొచ్చింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగట్లో లెక్కలు రాసే స్నేహితుడు ఒకడున్నాడు నాకు. వాడి పేజీ ఇలా ఉంది. ఆదాయం: కూతురికి ఇంజనీరింగు సీటు. వ్యయం: కుడి మోకాలు, మెట్లెక్కలేక మేడ మీది వాటా వదిలేసి కిందికి మారాడు. రాజపూజ్యం: అంగట్లో చేరి పాతికేళ్లయిందని యజమాని అందరి ముందూ శాలువా కప్పాడు. అవమానం: సొంత తమ్ముడి గృహప్రవేశానికి పిలుపు రాలేదు.

ఇప్పుడు ఈ గడులు వాడే తీరు. శుభాకాంక్ష ఆదాయం గడిలోంచి పుట్టదు, వ్యయం గడిలోంచి పుడుతుంది. ఉన్నదాన్ని ఇంకా పెరగమనడం కంటే పోయినదాన్ని తిరిగి రమ్మనడం మనిషికి దగ్గరగా తగులుతుంది. ఆదాయం, రాజపూజ్యం గడులు మాట మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అవమానం గడి మాత్రం రాయడానికి కాదు, దాని మీద కాలు వేయకుండా ఉండటానికి. పై పేజీ రాసుకున్నాను కాబట్టే "పండక్కి తమ్ముడు వాళ్లు వస్తాండారా?" అని నేను వాణ్ని అడగను. రాసుకోకపోతే కచ్చితంగా అడిగేవాణ్ని, అంత నోటి దురుసు నాది.

పేజీ నిండకపోతే? పోయినేడు నా పదిమందిలో నలుగురి గడులు సగం ఖాళీగా మిగిలాయి. ఏడాదంతా ఫార్వర్డులు పంపుకున్నాం గానీ వాళ్ల ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. అలాంటివాళ్లకు ఉగాది దాకా ఆగకండి. ఈ వారంలోనే ఫోన్ చేసి ఊరికే మాట్లాడండి, పండగ ఊసెత్తకుండా. గడులు వాటంతటవే నిండుతాయి.

మాట రాయడం: ఒక కబురు, ఒక కోరిక, ఒక పని

ముందు మామూలుగా మనం రాసేది చూడండి: "మీకు, మీ కుటుంబ సభ్యులకు ఉగాది శుభాకాంక్షలు. ఈ నూతన సంవత్సరం మీ జీవితంలో ఆయురారోగ్య అష్టైశ్వర్యాలు, సుఖసంతోషాలు నింపాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను." తప్పేం లేదు. ఇందులో మీ స్నేహితుడు ఎక్కడున్నాడో మాత్రం వెతకండి. పేరు మార్చకుండా దీన్ని కరెంటు బిల్లు కట్టించుకునే ఆయనకు కూడా పంపొచ్చు.

ప్రొద్దుటూరు వాడికి ఈసారి నేను రాసింది ఇది:

"ఒరేయ్, బిడ్డకు సీటొచ్చిందని నీకంటే నేనే ఎక్కువమందికి చెప్పుకున్నా. ఈ ఏడు నీ మోకాలు నీ మాట వినాల. విన్నా వినకపోయినా మేలో నేనొస్తా, మెట్లు లేని చోటు చూసి కూచుందాం. కార్తీకానికి వినిందనుకో, పాలకొండ ఎక్కుదాం."

నాలుగే వాక్యాలు. వాడి ఇంటి కబురు ఒకటి, వ్యయం గడిలోంచి కోరిక ఒకటి, నేను చేయాల్సిన పని ఒకటి. ఆ మూడోది మరిచిపోకండి. కోరిక దేవుడి చేతిలోది, పని మన చేతిలోది. మేలో నేను పోకపోతే వచ్చే ఉగాదికి వాడి మొహం చూడలేను కాబట్టి పోతా.

కొందరికి ఈ లెక్క కొంచెం మార్చాలి.

పెద్దవాళ్లకు మనం శుభాకాంక్షలు చెప్పడం నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే ఉంటుంది. చిన్నప్పుడు లెక్కలు చెప్పిన సారుకు నేను ఐశ్వర్యాలు కోరుకునేదేంది? ఆయనకు ఫోన్ చేసి "సార్, పండగ పూట మీ దీవెన కావాల" అంటా. కోరిక ఆయన నోటి నుంచే వస్తుంది. పెట్టేసే ముందు ఆ కాసింత సేపూ ఆయన మళ్లీ సారవుతాడు.

ఉద్యోగం కోసం చదువుతున్నవాళ్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. గ్రూప్స్ అని, డీఎస్సీ అని నాలుగేళ్లుగా గది అద్దెకు తీసుకుని చదివే పిల్లలు కడపలో ఏ వీధిలోనైనా ఉంటారు. "ఈ ఏడు కచ్చితంగా ఉద్యోగం కొడతావ్" అని వాళ్లకు పంపొద్దు. పోయినేడూ అదే పంపి ఉంటారు, వాళ్లకు అది గుర్తుంటుంది కూడా. మా పక్కింటి పిల్లోడికి నేను చెప్పింది: "పరీక్ష సెంటర్ ఎక్కడ పడినా నా బండి మీద దించుతా, పెట్రోలు నాదే." వాడు నవ్వాడు. నాకు అది చాలు.

ఇక, ఎవరికి పంపకూడదో తెలుసుకోండి. ఇది నేను ఒళ్లు మండి నేర్చుకున్న పాఠం. మూడేళ్ల కిందట ఉగాది పొద్దున ఆరుకే లేచి, ఫోన్లో బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకుని అందరికీ ఒకే దెబ్బతో పంపేశా. బంగారు కలశం, "మీ ఇంట సిరుల పంట" అన్న బొమ్మ. ఆ జాబితాలో నెలన్నర కిందట నాయన పోయిన మిత్రుడు ఉన్నాడు. పాడె మోసినవాళ్లలో నేనూ ఒకణ్ని. వాళ్ల ఇంట్లో ఆ ఏడాది తోరణం కట్టరు, పచ్చడి చేయరు, నాకు తెలుసు. తెలిసి కూడా వేలు ఆగలేదు. వాడి నుంచి జవాబుగా చేతులు జోడించిన గుర్తు ఒక్కటి వచ్చింది. ఆ రెండు చేతుల్ని చూసి నేను ఆ పూట ఓళిగ ముట్టలేదు.

అలాంటి ఇంటికి పండగ రోజు శుభాకాంక్షలు వద్దు, తీపి కూడా పంపొద్దు. ముందు రోజో తర్వాతి రోజో ఊరికే వెళ్లి కూర్చుని రండి. పట్టీలో ఆ పేరు పక్కన ఒక చుక్క పెట్టుకుంటే చాలు, ఫోన్ దాకా వెళ్లినప్పుడు చుక్క కనబడుతుంది.

పంపడం: కార్డు, ఫోన్, కువైట్ గడియారం

పోస్టుకార్డు ఇప్పటికీ 50 పైసలే. పది కార్డులకు ఐదు రూపాయలు, టీ కంటే చవక. చిన్న పోస్టాఫీసుల్లో ఒక్కోసారి అయిపోయాయంటారు, హెడ్ పోస్టాఫీసులో అడగండి. కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు. నాలుగు వాక్యాలకు కొలిచి చేసినట్టు ఉంటుంది, ఐదోది రాయాలన్నా చోటుండదు. పిన్‌కోడ్ తప్పకుండా వేయండి. పండక్కి అందాలంటే కనీసం పది రోజుల ముందు డబ్బాలో పడాలి, అంటే మార్చి 9 లోపు. దాటిపోతే దిగులేం లేదు, పండగ తర్వాత చేరినా ఎవరూ వాపసు ఇవ్వరు.

ఒక కిటుకు: కార్డు చేతిరాతతో రాశాక ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పోస్టులో పోతే అదే పంపొచ్చు.

ఫోన్ చేసేవాళ్లకు ఉగాది పొద్దున ఆరు నుంచి పది దాకా దండగ. అందరి ఫోన్లూ మోగుతూనే ఉంటాయి, పైగా పొయ్యి మీద పూర్ణం మాడుతుంటుంది. మధ్యాహ్నం భోంచేసి కాళ్లు చాపుకున్నాక, మూడు దాటాక చేయండి. ఫోన్ ఎత్తనివాళ్లకు గొంతు రికార్డు చేసి పంపండి, నిమిషం లోపు. కర్నూలులో నా స్నేహితుడైతే ఉగాదికి వారం ముందు నుంచే దొరకడు. కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులకు రోడ్డు పక్కన మజ్జిగ పోస్తుంటాడు. వాడికి పండగయ్యాకే చెబుతా.

కువైట్ సంగతి వేరు. రాజంపేట, రాయచోటి, కడప వైపు నుంచి అక్కడికి పోయినవాళ్లు లేని వీధి మాకు లేదు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనం పొద్దున ఎనిమిదికి ఉత్సాహంగా ఫోన్ చేస్తే అక్కడ ఐదున్నర. పైగా ఈసారి ఉగాది గురువారం, వాళ్లకు పని రోజు. శుక్రవారం సెలవు. కాబట్టి 20వ తేదీ మన మధ్యాహ్నం చేయండి. వాళ్లకు తీరిక దొరికితే చాలు, తిథి లేకపోయినా సరే. మాట్లాడేటప్పుడు వీడియోలో పచ్చడి గిన్నె చూపించే తెలివితక్కువ పని మాత్రం చేయకండి. ఒకసారి చేశాను. అవతల మనిషి గొంతు మారిపోయింది.

పదిడబ్బాల పచ్చడి

ఊళ్లో ఉన్నవాళ్లకు మాట చేత్తోనే అందించాలి. దానికి పచ్చడి కంటే మంచి సాకు లేదు.

పదిమందికి చిన్న డబ్బాల్లో చాలాలంటే: కొత్త చింతపండు 100 గ్రాములు, కొత్త బెల్లం 350 గ్రాములు, లీటరు నీళ్లు, ఒక పెద్ద మామిడికాయ, రెండు అరటిపండ్లు, గుప్పెడు పుట్నాల పప్పు, పచ్చిమిరపకాయలు రెండు, ఉప్పు అర చెంచా, వేపపువ్వు నాలుగు చెంచాలు. చింతపండును గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టండి. బెల్లం తరిగి అందులో కరగనివ్వండి, ఇసుక ఉంటుంది కాబట్టి మళ్లీ ఒకసారి వడకట్టండి. మామిడికాయ తొక్కతోనే సన్నగా తరగండి, వగరు దాంట్లోనే ఉంది. ఉప్పు, మిరపకాయ వేసి, వేపపువ్వు చివరన. పుట్నాల పప్పు, అరటిపండు మాత్రం డబ్బాలకు పోసేటప్పుడే వేయండి, ముందే వేస్తే నాని ముద్దవుతాయి.

వేపపువ్వును కాడలతో వేసేవాళ్లుంటారు, అది చేదు కాదు, శిక్ష. రెబ్బల్ని అరచేతిలో మెల్లగా నలిపి, చాటలో పోసి ఊదితే కాడలు, పుల్లలు ఎగిరిపోతాయి. తెల్లటి రేకులే మిగలాలి. మా జేజి (నాయనమ్మ) ఈ పని గడప మీద కూర్చుని చేసేది. ఒళ్లో చాట, పక్కన చెంబు. రేకులు జుట్టులో పడి ఉన్నా దులుపుకునేది కాదు.

ఈ ఏడు ఒక చిక్కుంది. 2026లో అధిక జ్యేష్ఠమాసం వస్తోంది కాబట్టి ఉగాది ముందే పడింది. మీ వీధిలో వేపచెట్టు అప్పటికి పూయకపోవచ్చు. బెంగపడొద్దు, లేతచిగురు వాడండి, పదిమందికి చిటికెడు తరుగు చాలు. పచ్చడి తినేటప్పుడు చదివే శ్లోకం గుర్తుందా? "శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ, సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్." అందులో ఉన్నది కందళం, అంటే చిగురే. నూరేళ్ల ఆయుష్షు, వజ్రంలాంటి ఒళ్లు, సంపదలు, కీడు తొలగడం. ఇన్ని శుభాకాంక్షలు చెప్పి చివర చేతిలో పెట్టేది వేపచిగురు! రాసినవాడికి మనిషి సంగతి బాగా తెలుసనిపిస్తుంది నాకు.

డబ్బాలు స్టీలువో గాజువో వాడండి. అల్యూమినియం, రాగి వద్దు, చింతపండు పులుపు వాటిని తింటుంది. మార్చి ఎండకు మధ్యాహ్నం దాటితే పచ్చడి పులుస్తుంది, పంచాల్సింది పదకొండు లోపు పంచేయండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు బెల్లం వేయకముందే కొంచెం పక్కకు తీయండి. వాళ్లకు చెంచాడు చాలు, గుర్తుపెట్టుకున్నారన్నదే వాళ్లకు తీపి.

పండగ రోజు ఏ ఇంటికి ఎప్పుడు

కడపలో ఉగాది చూడాలంటే పొద్దున్నే దేవుని కడపకు పోవాలి. తిరుమలకు ఇది గడప అనీ, కడప పేరు ఆ గడపలోంచే వచ్చిందనీ మావాళ్లు చెప్పుకుంటారు. ఉగాది రోజు లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు కుటుంబాలతో వస్తారు, కొబ్బరికాయలు పట్టుకుని. బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడబిడ్డ, స్వామి అల్లుడు. కొత్త ఏడాది పూట అల్లుణ్ని చూసి పోవడం వాళ్ల ఆనవాయితీ. వరసలో మీ ముందు బురఖాలో ఒక పెద్దమ్మ, మీ వెనక పట్టుచీరలో ఒక పెద్దమ్మ ఉంటారు. ఇద్దరూ ఎండ గురించే తిట్టుకుంటుంటారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన స్నేహితుడు ఉంటే అక్కడికి తీసుకుపోండి, వేరే శుభాకాంక్ష అక్కర్లేదు.

ఈసారి ఉగాది రంజాన్ నెల ఆఖరి రోజుల్లో పడింది. ముస్లిం స్నేహితులు ఒక్కపొద్దులో ఉంటారు. పొద్దున పది గంటలకు పచ్చడి తీసుకుపోయి "ఒక్క చెంచా తిను భాయ్" అంటే, పాపం, వద్దనలేక నలిగిపోతారు. వాళ్ల వాటా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దుగుంకి ఒక్కపొద్దు విడిచాక, ఏడు గంటల ప్రాంతంలో తీసుకెళ్లండి. పుట్నాల పప్పు, అరటిపండు అప్పుడే కలపండి.

సాయంత్రం పంచాంగ శ్రవణానికి ఒంటరిగా పోవద్దు. కొన్ని గుళ్లలో పొద్దున్నే అయిపోతుంది, ముందే కనుక్కోండి. స్నేహితులు ముగ్గురు నలుగురు కలిసి వెనక వరసలో కూర్చోవాలి. అవమానం అంకె పెద్దగా వచ్చినవాడు ఆ రాత్రి కారం దోసెలు పెట్టించాలని మాకో నియమం. పోయినేడు నేనే పెట్టించా.

మాటల్లేని స్నేహితుడు

పదిమంది పట్టీలో ఒక పేరు దగ్గర పెన్ను ఆగుతుంది, చాలామందికి. అప్పు దగ్గరో, స్థలం దగ్గరో, పెళ్లిలో మర్యాద దగ్గరో చెడి ఉంటుంది. పరాభవ ఏడాది కదా, ఆ పేరుతోనే మొదలుపెట్టండి అంటాన్నేను.

కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మర్నాడు ఊరు రెండు జట్లయి పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రుడికీ కాళికాదేవికీ మధ్య వచ్చిన తగవులో ఒకరిది ఆ పక్షం, ఒకరిది ఈ పక్షం. దుమ్ములేచి మనిషికి మనిషి కనబడడు. దెబ్బలూ తగులుతాయి. అదయ్యాక దేవుడికీ దేవికీ కల్యాణం చేస్తారు. తగవును దాచిపెట్టకుండా వీధిలో తేల్చుకుని, తర్వాతే పెళ్లిభోజనం.

మీకు పిడకలు అక్కర్లేదు. మాటల్లేని మనిషికి ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని రాయొద్దు, క్షమాపణల పురాణం వద్దు, "ఎలా ఉన్నావు" అని కూడా అడగొద్దు, జవాబివ్వాల్సిన భారం పడుతుంది. కార్డు మీద పాత సంగతి ఒక్కటి రాయండి, ఇద్దరికే తెలిసింది. నేనొకడికి రాశాను: "ఏడురోడ్ల దగ్గర మనం పొంగణాలు తిన్న బండి తీసేశారు. పండగ పూట నువ్వే గుర్తొచ్చావ్." జవాబు రాలేదు. ఐదు నెలలకు ఒక పెళ్లిలో వాడే వచ్చి నా విస్తరి పక్కన కూర్చున్నాడు. కార్డు మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బండి ఎవరు తీయించారో మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం.

మర్నాడు: నెలపొడుపు, డబ్బాలు

ఉగాది మర్నాడు సాయంత్రం మా ఇంట్లో అందరం మేడ ఎక్కి నెలపొడుపు చూస్తాం. పడమట, పొద్దుగుంకిన కాసేపటికి, గోరు గీసినంత సన్నగా ఉంటుంది. చూసి, పక్కనున్నవాళ్ల మొహం చూడాలి, అది మా జేజి పెట్టిన పద్ధతి. ఈసారి పక్క మేడల మీద కూడా జనం ఉంటారు, రంజాన్ ఎప్పుడో చెప్పేదీ ఆ నెలవంకే. మీ పిల్లల కళ్లకు ముందు కనబడితే పక్క మేడకు అరిచి చెప్పమనండి.

చివరి పని, అందరూ మరిచిపోయేది: పంచే డబ్బాల మూతల మీద ముందే పేరు కొట్టించుకోండి. పాత్రల అంగట్లో అడిగితే నిమిషంలో చెక్కిస్తారు. లేకపోతే పది డబ్బాలు పోతాయి, ఆరు తిరిగొస్తాయి, అందులో రెండు మీవి కావు. ఖాళీ డబ్బా పంపకూడదన్న పట్టింపు మా వైపు ఇంకా ఉంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి పోసుకుని రావాల్సిందే, తొందరపెట్టొద్దు.

మా ఇంట్లో ఒక డబ్బా ఉంది, మూత మీద ఉర్దూ అక్షరాలు. మా జేజి కాలంలో ఎప్పుడో ఏ ఇంటితోనో తారుమారైంది. ఆమెకు ఆ అక్షరాలు చదవడం రాదు, నాకూ రాదు. వీధి చివరి భాయ్ వాళ్లదే అయి ఉంటుందని ఏటా ఉగాదికి దాంట్లోనే పచ్చడి పోసి వాళ్లకే పంపుతాం. వాళ్లేమో అది మాదే అనుకుని తిరిగి పంపుతుంటారు. పోయినేడు ఉగాది మార్చి 30, రంజాన్ 31. మర్నాడు పదకొండుకల్లా షీర్ ఖుర్మాతో వచ్చేసింది. ఈసారి కూడా రెండు పండగలూ పక్కపక్కనే కాబట్టి డబ్బా కడిగి బోర్లించి పెట్టా.